పాత పెట్రోల్ బండి: వేడెక్కాక రేస్ అందట్లేదు, థ్రాటిల్ బాడీ మార్చాల్సిందేనా?

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. బండి 2012 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 1.38 లక్షల కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. పేరు రాస్తే ఇక్కడ అసలు సంగతి వదిలేసి ఏ కంపెనీ గొప్పదని కొట్టుకుంటారు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు పోయి ఇంజిన్ బాగా వేడెక్కాక ఉన్నట్టుండి చెక్ లైట్ వెలుగుతుంది, రేస్ చచ్చిపోతుంది. కాలు మొత్తం తొక్కినా ఆర్‌పీఎం మీటర్ 1,500 దగ్గరే కూర్చుంటుంది. పక్కన ఆపి, తాళం తీసి, కాసేపాగి వేస్తే మళ్లీ మామూలే. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు కూడా ఇదే జరిగింది, వెనకాల లోడు లారీ. ఇంట్లోవాళ్లు ఇక ఆ బండి ఎక్కనంటున్నారు.

స్కానర్ పెడితే పీ2135 అని వచ్చింది. ఒక షెడ్డులో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే రెక్క ఉండే సామాను) పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నారు. 14,000 చెప్పారు, లేబర్ వేరే. ఇంకో షెడ్డులో క్లీన్ చేస్తే సరిపోతుంది, 800 ఇవ్వండి అన్నారు. ఎవరి మాట వినమంటారు?

బెజవాడ_స్పానర్ (విజయవాడ)

ముందు 800 షెడ్డుకే పో బ్రో. 14,000 ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా పెట్టొచ్చు. ఈ థ్రాటిల్ బాడీల్లో సగం మసి పట్టి మొండికేసేవే, నిజంగా పోయేవి తక్కువ. అసలు క్లీనర్ డబ్బా ఒకటి తెచ్చుకుంటే నువ్వే చేసుకోవచ్చు, ఆ 800 కూడా మిగులుతాయి.

హన్మకొండ_రైడర్ (హన్మకొండ)

గదే కోడ్ నాక్కూడ వచ్చింది అన్నా. ఒక్క సామాను మార్చలే. కనెక్టర్ పీకి చూస్తే ఒక పిన్ను పచ్చగ చిలుం పట్టి ఉన్నది. వానకాలంల బానెట్ కింద నీళ్లు కొట్టి కడిగిచ్చిన పాపం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరవెట్టి మళ్ల పెట్టిన, ఇగ మళ్ల రాలే. సామాను మార్చుడు ఆఖరి ముచ్చట. ముందుగాల వైరింగ్ చూడున్రి.

మీటర్‌మావయ్య (విశాఖపట్నం)

బాబూ గోదారిగట్టూ, రెండు షెడ్లవాళ్లూ బండి మీద మీటరు పెట్టకుండానే తీర్పు చెప్పేశారని అర్థమవుతోంది.

మసి పడితే వచ్చే జబ్బులు వేరు. ఐడిలింగ్, అంటే కాలు తీసినప్పుడు ఉండే రేస్, కిందా మీదా అవుతుంది, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆఫ్ అయిపోతుంది, ఏసీ వేస్తే ఇంజిన్ వణుకుతుంది. కోడ్ పడితే పీ0505, పీ0506 లాంటివి పడతాయి. మీ బండికి అవేవీ లేవు. చల్లగా ఉన్నంతసేపూ శుభ్రంగా నడుస్తోంది. మసి అయితే పొద్దునపూట ఎక్కడికి పోతుంది?

మీ బండిలో యాక్సిలరేటర్‌కి కేబుల్ లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లుంటాయి. ఎంత తొక్కారో వాటి నుంచి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, చదువుకుని, మోటారుతో థ్రాటిల్ రెక్కని తెరుస్తుంది. రెక్క చెప్పినంతే తెరుచుకుందా అని చూసుకోడానికి థ్రాటిల్ బాడీలో ఇంకో రెండు సెన్సర్లు. ఒకటి తప్పుడు లెక్క చెబితే రెండోది పట్టిస్తుందని ఈ జంట ఏర్పాటు. ఆ రెండింటి లెక్కా కలవలేదని చెప్పేదే పీ2135. ఎవరిది నిజమో ఈసీయూకి తేలదు కాబట్టి ఇద్దరినీ పక్కన పెట్టి మోటారుకి కరెంటు ఆపేస్తుంది. అప్పుడు లోపలి స్ప్రింగులు రెక్కని కొద్దిగా తెరిచిన చోట నిలబెడతాయి. మీటర్ 1,500 దగ్గర కూర్చునేది అందుకే. లింప్ మోడ్ అంటారు. లారీ వెనకాల ఉన్నప్పుడు తిట్టుకుని ఉంటారు గానీ, ఆ తప్పుడు లెక్క నమ్మి రెక్క మొత్తం తెరుచుకుంటే ఘాట్ మీద ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక అసలు మాట. ఈ కోడ్ థ్రాటిల్ బాడీ పోయిందని చెప్పదు. రెండు లెక్కలు ఈసీయూ దగ్గరికి చేరేసరికి కలవలేదు, అంతవరకే దాని సాక్ష్యం. తేడా సెన్సర్లో ఉండొచ్చు, హన్మకొండ తమ్ముడు చెప్పినట్టు పిన్నులో ఉండొచ్చు, తీగలో, ఎర్త్‌లో, 5 వోల్టుల సప్లైలో ఎక్కడైనా ఉండొచ్చు. మీ దగ్గర మల్టీమీటర్ ఉందా?

గోదారిగట్టు

ఉంది మావయ్య గారూ, డిజిటల్ మీటరే. ఫోన్‌కి కలిపే ఈఎల్ఎం327 బ్లూటూత్ స్కానర్ కూడా ఉంది. ఎక్కడ కొలవాలో చెబితే ఆదివారం కూర్చుంటాను.

మీటర్‌మావయ్య

స్కానర్ కోడ్ చదవడానికి, చెరపడానికి బాగానే పనికొస్తుంది. ఇలాంటి క్షణంలో వచ్చి క్షణంలో పోయే తుళ్లింపుని మాత్రం ఆ బ్లూటూత్ ముక్క పట్టుకోలేదు. నాలుగైదు విలువలు ఒకేసారి చూపించమంటే ఒక్కొక్కటే అడిగి తెచ్చుకుంటుంది, ఈలోపు జరగాల్సింది జరిగిపోతుంది. మీటర్‌లో మిన్-మాక్స్ బటన్ ఉంటే దాన్ని వాడండి, అది మధ్యలో ఎగిరిన విలువని గుర్తు పెట్టుకుంటుంది.

థ్రాటిల్ బాడీ కనెక్టర్‌కి మామూలుగా 6 తీగలుంటాయి. రెండు మోటారువి, ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మిగతా రెండూ సెన్సర్ సిగ్నళ్లు. తీగల రంగులు నేను చెప్పను, బండి బండికీ మారతాయి, మీ మోడల్ వైరింగ్ బొమ్మ వెతుక్కోండి. కనెక్టర్ పీకకుండా, వెనక రబ్బరు సీలు పక్క నుంచి సన్నటి గుండుసూది దోపి కొలవాలి. పీకి ముందు వైపు నుంచి మీటర్ పుల్ల గుచ్చితే ఆడపిన్ను వెడల్పయిపోయి లేని రోగం వస్తుంది.

తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. చాలా బళ్లలో రెక్క తెరుచుకునే కొద్దీ ఒక సెన్సర్ వోల్టేజీ పెరుగుతుంది, రెండోదానిది తగ్గుతుంది. కూడితే ఎప్పుడూ 5 వోల్టుల దగ్గర్లోనే ఉండాలి. ఒకటి 0.7 ఉంటే రెండోది 4.3 అన్నమాట. రెండూ పెరిగే రకం కూడా ఉంది, వాటిలో ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా పెరుగుతుంది. అందుకని మొదట చల్లగా ఉన్నప్పుడు మీ బండి లెక్కలు కాగితం మీద రాసుకోండి.

తర్వాత ఎర్త్. మీటర్ పుల్ల ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది కనెక్టర్ ఎర్త్ తీగ మీద. 0.1 వోల్టు దాటితే ముందు ఎర్త్ సంగతి చూడాలి, మిగతావి తర్వాత.

రోగం వేడికి బయటపడుతోంది కదా, రోడ్డెక్కాల్సిన పని లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో థ్రాటిల్ బాడీ ప్లాస్టిక్ మూత ఉన్న వైపు వేడి చేస్తూ మీటర్ చూడండి. తర్వాత తీగల జడని చేత్తో ఊపుతూ చూడండి.

తాళం ఆన్‌లో ఉన్నప్పుడు రెక్క దగ్గర వేలు పెట్టొద్దు. మోటారుకి మీ వేలని తెలీదు.

బెజవాడ_స్పానర్

హెయిర్ డ్రయ్యర్ ఎవరిదో వాళ్లనడిగి తీసుకో బ్రో. ఆయిల్ చేతులతో తిరిగిచ్చావంటే బండి కంటే ముందు నువ్వు లింప్ మోడ్‌లోకి పోతావు.

నెల్లూరు_నలభై (నెల్లూరు)

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నాది 2004 బండి, యాక్సిలరేటర్‌కి కేబులే. దీనికి కూడా ఇదే కథా? ఐడిలింగ్ ఒకసారి 600, ఒకసారి 1,400. స్కానర్ పెట్టే సాకెట్ కూడా దొరకలేదు.

మీటర్‌మావయ్య

కాదండీ, మీది సుఖం. కేబుల్ బళ్లలో రెక్కని మీ కాలే తెరుస్తుంది, ఈసీయూకి దాని మీద పెత్తనం లేదు. ఐడిలింగ్‌కి మాత్రం పక్కదారిలో చిన్న వాల్వు ఉంటుంది, ఐఏసీ అంటారు. దాని మొన మీదా, అది కూర్చునే రంధ్రంలోనూ మసి గడ్డకడితే మీరు చెప్పిన లక్షణమే వస్తుంది. విప్పి క్లీన్ చేయించండి. మొన నొక్కి లోపలికి తోయొద్దు. మీ బండిలో రెక్క ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్‌కి, టీపీఎస్ అంటారు, 3 తీగలే ఉంటాయి, రెక్క మెల్లగా తెరుస్తుంటే వోల్టేజీ ఎక్కడా తెగకుండా ఎక్కాలి.

ఓబీడీ అంటే బండి తన లోపాలు తానే కనిపెట్టి కోడ్ చెప్పే ఏర్పాటు. మన దేశంలో బీఎస్4 (కాలుష్య నిబంధనలు) బళ్లకి అది తప్పనిసరి అయింది 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ-2 అయితే 2013 నుంచి. అంతకుముందు బళ్లలో సాకెట్ ఉన్నా అది కంపెనీ సొంత భాషే మాట్లాడొచ్చు. ఇంకేమైనా ఉంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇది గోదారిగట్టు బాబుది.

డల్లాస్‌లో_దేశీ (టెక్సస్)

వేడికి ఒకే సెన్సర్ తేడా చేస్తే నా అనుమానం కార్బన్ ట్రాక్ మీద. పాత ఎలక్ట్రానిక్ థ్రాటిళ్లలో సెన్సర్ అంటే రేడియో వాల్యూమ్ బిరడా లాంటిదే, కార్బన్ పూత మీద చిన్న లోహపు వేళ్లు రాసుకుంటూ తిరుగుతాయి. బండి బతుకంతా ఐడిల్ దగ్గరా, కొద్దిపాటి రేస్ దగ్గరే గడుస్తుంది కాబట్టి ఆ చోటే అరుగుతుంది.

ఇక్కడ దీని మీద పెద్ద గొడవే జరిగింది. 1999 నుంచి 2001 దాకా వచ్చిన వోల్వో బళ్లలో మాగ్నెటి మారెల్లి చేసిన థ్రాటిల్ మాడ్యూల్ ఉండేది. అందులో ఈ ట్రాకే అరిగిపోయేది. చివరికి అమెరికాలో ఆ ఒక్క సామానుకి వారంటీని 10 ఏళ్లు లేదా 2 లక్షల మైళ్లకి పెంచాల్సి వచ్చింది. తర్వాత కొందరు ఆ ట్రాక్ తీసేసి, రాపిడి లేని సెన్సర్ పెట్టి బాగుచేసి అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడొచ్చే థ్రాటిళ్లలో ఎక్కువ వాటికి అయస్కాంతంతో పనిచేసే రకమే, అరగడానికి ఏమీ ఉండదు. 2012 అంటే అటూ ఇటూ కాని కాలం, నీ దాంట్లో ఏది ఉందో మూత విప్పితే గానీ తెలీదు.

గోదారిగట్టు

కొలిచాను. ఉన్నదున్నట్టు రాస్తున్నా.

చల్లగా: మొదటి సెన్సర్ 0.68, రెండోది 4.31. పెడల్ మెల్లగా తొక్కితే ఒకటి పెరిగి ఒకటి తగ్గుతున్నాయి, మొత్తం 4.98, 5.0 మధ్యే ఉంది. 5 వోల్టుల తీగ 4.99. ఎర్త్ 0.02. పిన్నులన్నీ మెరుస్తున్నాయి, చిలుం లేదు.

డ్రయ్యర్ పెట్టాక: కాసేపు ఏమీ కాలేదు. మూత బాగా కాలాక 0.68 కాస్తా 0.9కి, ఒక్కోసారి 1.2కి ఎగిరి వెనక్కి దిగుతోంది. నేను పెడల్ ముట్టుకోలేదు. రెండో సెన్సర్ 4.31 దగ్గర బండరాయిలా ఉంది. 5 వోల్టులు, ఎర్త్ కదల్లేదు. తీగల జడ ఎంత ఊపినా తేడా లేదు. మూత మీద చల్లగాలి పెడితే మళ్లీ 0.68కి వచ్చి నిలబడింది.

హన్మకొండ_రైడర్

ఇగ చెప్పేదేమున్నది. పోయింది.

మీటర్‌మావయ్య

శభాష్, షెడ్డువాళ్లు చేయాల్సిన పని మీరు చేశారు.

రెండు సెన్సర్లూ ఒకే 5 వోల్టుల మీద, ఒకే ఎర్త్ మీద బతుకుతాయి. సప్లైలో గానీ ఎర్త్‌లో గానీ లోపముంటే రెండు లెక్కలూ కలిసి కదిలేవి. మీ దాంట్లో ఒకటే కదిలింది. రెక్క నిజంగా కదిలి ఉంటే రెండోది కూడా ఎదురు దిశలో జరిగేది, అది జరగలేదు. మీరు కొలిచింది థ్రాటిల్ బాడీ పక్కనే, ఈసీయూ దగ్గర కాదు. తీగ ఊపినా మారలేదు, మూత వేడి చేస్తే మారింది, చల్లారిస్తే తగ్గింది. కాబట్టి లోపం మూత లోపలే. ఇప్పుడు 14,000 పెట్టినా అనుమానం లేకుండా పెట్టొచ్చు.

బెజవాడ_స్పానర్

క్లీనింగ్ మాట వెనక్కి తీసుకున్నా. కానీ కొత్తది ఎందుకు? మా ఆటోనగర్‌లో సెకండ్స్ సామాను 4,000 లోపే దొరుకుద్ది. యాక్సిడెంట్ అయిన బళ్లవి, లోపల ఇంజిన్ సామాను శుభ్రంగా ఉంటాయి. నా బండికి ఆల్టర్నేటర్, ర్యాక్, ఏసీ కంప్రెసర్ అన్నీ అక్కడివే.

హన్మకొండ_రైడర్

ఆల్టర్నేటర్ వేరు, ఇది వేరు అన్నా. నీ బండి ట్రాక్ అరిగితే గా బండిది అరగదా? గది కూడ గంతే పాతది. మీటర్ల ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవనికెరుక. పైసలు పెట్టి మళ్ల గదే రోగం కొనుక్కునుడు.

బెజవాడ_స్పానర్

అన్ని సెకండ్స్ ఒకటేనా? చూసి తీసుకునే చూపు ఉండాలి.

హన్మకొండ_రైడర్

లోపలి ట్రాక్ చూసేటి చూపు నీకున్నదా? ఉంటే నాకు కూడ ఒకటి పంపు.

వేదిక నిర్వాహకుడు

ఇద్దరూ సామాను దగ్గరే ఆగండి. దుకాణాల పేర్లు, ఫోన్ నంబర్లు రాయొద్దు. ఇప్పటికే రెండు పోస్టుల్లోంచి తీసేశాను.

మీటర్‌మావయ్య

చూపుతో కాదు గానీ మీటర్‌తో చూడొచ్చు. సెకండ్స్ కొనేవాళ్లు ఇది చేసుకోండి. పవర్ బ్యాంక్ యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులే. పాత ఛార్జర్ తీగ ఒకటి కోసి, సెన్సర్ 5 వోల్టుల పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ ఇచ్చి, సిగ్నల్ మీద మీటర్ పెట్టి, రెక్కని వేలితో చాలా మెల్లగా తిప్పండి. మోటారుకి కరెంటు లేదు కాబట్టి ఇక్కడ పర్లేదు. ఐడిల్ దగ్గర అంకె తడబడితే కౌంటర్ మీదే వదిలేసి రండి. డ్రయ్యర్ తీసుకెళ్లినా తప్పులేదు, నవ్వితే నవ్వనివ్వండి. అయినా గోదారిగట్టు బాబు రోగం వేడికి, ఆగి ఆగి వచ్చే రోగం. దుకాణంలో అది పది నిమిషాల్లో బయటపడాలని ఏముంది? బండి ఉంచుకుంటానంటున్నారు, ఇంట్లోవాళ్లు ఎక్కే బండి. ఈ ఒక్క సామాను కొత్తదే వేయండి అంటాను.

కొత్తదంటే కూడా జాగ్రత్త. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేనివి సగం ధరకి వస్తాయి. బయటికి అచ్చు అదే. రంధ్రం కొలత సరిపోతుంది, బోల్టులు సరిపోతాయి, స్ప్రింగు రెక్కని నిలబెట్టే కోణం మాత్రం తేడాగా ఉంటుంది. ఈసీయూకి ఆ తేడా నచ్చకపోతే మొదటి రోజే కోడ్ పడుతుంది. పాతదాని ఒంటి మీద పార్ట్ నంబర్ ఉంటుంది, అక్షరం అక్షరం కలవాలి. ఒకే మోడల్లో మధ్యలో ఈసీయూ మారి ఉంటే థ్రాటిల్ నంబర్ కూడా మారి ఉంటుంది.

గోదారిగట్టు

కొత్తదే తెప్పించాను. మా పెదనాన్నగారి అబ్బాయి సికింద్రాబాద్‌లో ఉంటాడు, రాణీగంజ్‌లో పార్ట్ నంబర్ చెప్పి తీసుకున్నాడు. రబ్బరు గాస్కెట్‌తో కలిపి 12,600. పెట్టె మీద నంబర్, పాతదాని మీద నంబర్ ఒకటే. షెడ్డుకి ఇవ్వకుండా నేనే వేద్దామనుకుంటున్నా. ఏమైనా మెలికలున్నాయా?

మీటర్‌మావయ్య

పని చిన్నదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. చాలా బళ్లలో థ్రాటిల్ బాడీ లోంచి కూలెంట్ పోతుంది, రెండు సన్నటి పైపులు కనిపిస్తాయి. వేడి మీద పీకితే చేతులు కాలతాయి. చల్లారాక పీకితే కొద్దిగా కారుతుంది, వెంటనే బోల్టో పుల్లో పెట్టి మూసేయండి. చలి దేశాల్లో రెక్క దగ్గర మంచు కట్టకుండా ఆ ఏర్పాటు. మనకి రాజమండ్రిలో మంచు ఏమిటని కొందరు ఆ పైపుల్ని ఒకదానికొకటి కలిపేసి బయటే తిప్పేస్తారు. నన్నడిగితే కదిలించొద్దు, కంపెనీ పెట్టినట్టే ఉండనివ్వండి.

బ్యాటరీ మైనస్ తీయండి. ఎయిర్ ఫిల్టర్ గొట్టం, బ్రీదర్ పైపు, కనెక్టర్, తర్వాత బోల్టులు. పాతది బయటికి రాగానే మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి పంచే గొట్టం) నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక వాషర్ లోపల పడిందంటే 12,600 కాస్తా హెడ్డు విప్పే ఖర్చవుతుంది. పాత గాస్కెట్ ముక్క అంటుకుని ఉంటే గోటితో తీయండి, స్క్రూడ్రైవర్ వద్దు, మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించండి. 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే చిన్న రాచెట్ పట్టుకుని మణికట్టుతో బిగించేంత. భుజం వాడితే ప్లాస్టిక్‌లో ఉన్న ఇత్తడి మర లేచి వస్తుంది.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయకండి. కొత్త రెక్క మూసుకుంటే ఎక్కడ ఉంటుందో ఈసీయూ నేర్చుకోవాలి. పాత కోడ్లు చెరిపి, పెడల్ ముట్టుకోకుండా, ఏసీ, లైట్లు ఆపి, తాళం ఆన్ చేసి ఒకట్రెండు నిమిషాలు ఉంచండి. గుయ్‌మని రెక్క కదిలిన చప్పుడు వినబడుతుంది. ఆఫ్ చేసి అర నిమిషం ఆగి, అప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్‌లో వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఒకసారి తిరిగాక ఏసీ వేసి ఇంకాసేపు. కొన్ని కంపెనీల బళ్లు ఇంతమాత్రానికి నేర్చుకోవు, స్కానర్‌లో థ్రాటిల్ అడాప్టేషన్ నొక్కాల్సిందే. బ్యాటరీ నీరసంగా ఉంటే అసలు ఏదీ నేర్చుకోదు.

గోదారిగట్టు

వేశాను. విప్పడం, బిగించడం మీరు చెప్పినట్టే సాఫీగా అయింది. కూలెంట్ ఒక టీ గ్లాసుడు పోయింది, మళ్లీ నింపాను. తాళం ఆన్ చేస్తే గుయ్‌మంది, నేర్పించే తతంగమంతా చేశాను. డ్రయ్యర్ పరీక్ష మళ్లీ చేస్తే రెండు సెన్సర్లూ కదల్లేదు. పీ2135 రాలేదు.

కానీ ఐడిలింగ్ 1,350 దగ్గర నిలబడిపోయింది, దిగట్లేదు. మళ్లీ నేర్పించి చూశాను, అంతే. స్కానర్‌లో పీ0507 పడింది, ఐడిలింగ్ ఉండాల్సినదానికంటే ఎక్కువని. కొత్త సామానే లోపంతో వచ్చిందా?

బెజవాడ_స్పానర్

అడాప్టేషన్ కాలేదు. పెద్ద స్కానర్ ఉన్న చోట 500 ఇస్తే చేస్తారు.

డల్లాస్‌లో_దేశీ

లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. గాస్కెట్ సరిగ్గా కూర్చుందా? పైపులన్నీ తిరిగి పెట్టావా?

మీటర్‌మావయ్య

ఇద్దరి మాటల్లో ఏది నిజమో ఒక్క అంకెతో తేలుతుంది. ఇంజిన్ వేడి మీద ఐడిల్‌లో ఉండగా స్కానర్‌లో థ్రాటిల్ పొజిషన్ ఎంత శాతం ఉందో చూడండి. పాత థ్రాటిల్‌తో బాగున్న రోజుల్లో ఎంత ఉండేదో రాసుకున్నారా?

అడాప్టేషన్ తప్పితే ఈసీయూ రెక్కని అవసరానికి మించి తెరిచి ఉంచుతుంది, అంకె ఎక్కువ ఉంటుంది. గాలి దొంగదారిన వస్తుంటే ఈసీయూ రేస్ దించుదామని రెక్కని మూస్తూ మూస్తూ పోతుంది, అంకె తక్కువ ఉంటుంది, అయినా రేస్ దిగదు. మీ ఇంజిన్‌కి మాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) కాబట్టి ఫ్యూయల్ ట్రిమ్‌లో, అంటే ఈసీయూ చేసే పెట్రోల్ సర్దుబాటులో, లీకు పెద్దగా కనబడదు. దొంగదారిన వచ్చిన గాలి కూడా మానిఫోల్డ్ ప్రెషర్‌లో లెక్కకి వస్తుంది, పెట్రోల్ దానికి తగ్గట్టు పడిపోతుంది. మాఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) ఉన్న బండి అయితే ట్రిమ్ ఎగిరి, గాలికి తగ్గ పెట్రోల్ లేదని పీ0171 పడేది. మాప్ విలువ కూడా చెప్పండి.

గోదారిగట్టు

అదృష్టం, పాత స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంది. అప్పట్లో ఐడిల్‌లో 14.5 శాతం, మాప్ 33 కేపీఏ. ఇప్పుడు 12.2 శాతం, మాప్ 44.

మీటర్‌మావయ్య

గాలి దొంగ ఉన్నాడు. కొత్త సామాను మంచిదే. ముందు బ్రీదర్ పైపు చూడండి. ఎండకి ఎండి, ఆయిల్ ఆవిరికి నాని, పన్నెండేళ్లు దాటిన రబ్బరు పీకేటప్పుడు చిట్లుతుంది, అదీ చేతికి అందని అడుగువైపే.

గోదారిగట్టు

దొరికింది! మీరన్న బ్రీదర్ పైపుల్లోదే, హెడ్డు మూత నుంచి మానిఫోల్డ్‌కి ఇంజిన్ ఆవిరి తెచ్చే పీసీవీ పైపు, వంపు అడుగున అంగుళం పొడవు చీలిక. పైనుంచి చూస్తే ఏమీ లేదు, వేలితో తడిమితే తెలిసింది. వేలు అడ్డం పెడితే రేస్ దిగుతోంది. కొత్త పైపు 240 రూపాయలు, ఇక్కడే దొరికింది. వేసి, కోడ్ చెరిపి, మళ్లీ నేర్పించాను. ఇప్పుడు ఐడిల్ 780, ఏసీ వేస్తే 900, మాప్ 32. వారంగా ఆఫీసుకి అదే బండి. కాకినాడ వెళ్లొచ్చాం, చెక్ లైట్ లేదు.

పాతదాని మూత విప్పి చూశాను డల్లాస్ అన్నా. కార్బన్ ట్రాకే. ఒక గీత మొదట్లో నల్లపూత పోయి అడుగు కనిపిస్తోంది, పక్క గీత ఇంకా నిగనిగలాడుతోంది.

బెజవాడ_స్పానర్

ఆ పాతది పారేయకు బ్రో, మోటారు, గేర్లు మంచివే కదా. ఎవరికైనా పనికొస్తుంది.

హన్మకొండ_రైడర్

ఇగో, ఆటోనగర్ సెకండ్స్ గిట్లనే తయారైతయి 😀

నిజామాబాద్_టర్బో (నిజామాబాద్)

చర్చ మొత్తం చదివిన. నాది 2014 డీజిల్. దానికి కూడ థ్రాటిల్ బాడీ ఉన్నదంటున్నరు, మసి పట్టి నల్లగ ఉన్నది. డీజిల్‌కి థ్రాటిల్ ఎందుకు? తీసేస్తే పికప్ పెరుగుతదని ఒకాయన చెప్పిండు.

మీటర్‌మావయ్య

పెరగదు. డీజిల్‌లో పికప్ ఇచ్చేది పెట్రోల్ బండిలోలా రెక్క తెరవడం కాదు, ఎంత డీజిల్ చిమ్మామన్నదే. ఆ రెక్క ఎక్కువ సేపు పూర్తిగా తెరిచే ఉంటుంది. ఈజీఆర్ (సైలెన్సర్‌కి పోయే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి పొగ లోపలికి లాగాల్సినప్పుడు కొంచెం మూసుకుంటుంది, ఇంజిన్ ఆపినప్పుడు కుదుపు లేకుండా ఆగడానికి మొత్తం మూసుకుంటుంది. మసి ఈజీఆర్ పుణ్యమే. విప్పి కడిగించండి, తీసేయొద్దు. తీసేస్తే ఈసీయూ ఊరుకోదు, కోడ్ పడుతుంది. ఆ ఒకాయన ఈజీఆర్ కూడా మూసేయమని చెప్పి ఉంటాడు, దాని గురించి ఇక్కడ పాత చర్చ ఉంది, వెతికి చదవండి.